జొన్నకు నీళ్ళు ఆపే రోజు

మార్చి 4

ఎరువుల దుకాణం వాళ్ళు కొత్త సంవత్సరానికి వినీత్‌కు ఇచ్చిన డైరీ ఇది. వాడు మొదటి పేజీలో తన పేరు రాసుకుని వదిలేశాడు. రాసే ఓపిక వాడికి ఎప్పుడూ లేదు, అంతా నోటితోనే. ఇక నేను రాస్తాను. ఇంట్లో ఎవరితో మాట్లాడినా రెండు మాటలకే ఏడుపు మొదలవుతోంది. కాగితమైతే ఏడవదు.

సాగర్ రోడ్డు మీద వాడి బండిని లారీ గుద్దిన సంగతి రాయను. వచ్చిన ప్రతి చుట్టమూ అదే చెప్పించుకుని పోయాడు. మూడో రోజు సంగతి మాత్రం రాస్తాను, ఎందుకంటే ఆ కోపం ఇంకా తగ్గలేదు. పిట్టకు పెట్టడానికి శ్మశానానికి వెళ్ళాం. వాడికి ఇష్టమని స్వరాజ్యం పొద్దున్నే మటన్ వండింది. కొడుకు కోసం తల్లి అట్లా వండుతుంటే చూడలేక నేను బయట కూర్చున్నాను. అక్కడ విస్తరి పెట్టి పక్కకు జరిగామో లేదో, కాకి వచ్చి ముట్టింది. చుట్టాలందరి మొహాలు విప్పారాయి. "మస్తు తృప్తిగ వోయిండు. ఏ కోరిక లేదు పిలగానికి" అన్నారు.

ముప్పై నిండని వాడికి ఏ కోరికా లేదట! పెళ్ళై రెండేళ్ళు. షెడ్డు పక్కన కుండీలు. గుట్ట కింది ఇస్తారికి మామిడి అంట్ల గురించి ఇచ్చిన మాట. ఇవేవీ ఆ కాకికి తెలియవా? రాయి తీసుకున్నాను. మా తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

మార్చి 6

కుండీలకు నీళ్ళు పోశాను.

మార్చి 7

మళ్ళీ పోశాను. పోసేవాళ్ళు ఎవరున్నారు? లిఖిత పుట్టింటికి పోయింది, మహేశ్వరం. పదిహేను రోజుల్లో వస్తానంది. మా కోడలికి ఇక్కడే డిగ్రీ కాలేజీలో ఉద్యోగం, సూక్ష్మజీవుల పాఠం చెబుతుంది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ కంటికి కనబడని వాటి మీదే ధ్యాస. "మీకు కనబడే పంటలు పనికి రావా" అని ఎగతాళి చేసేవాణ్ణి.

షెడ్డు పక్కన ఆకుపచ్చ పరదా కింద నాలుగు వరుసల కుండీలున్నాయి. వాడు జనవరి ఆఖర్లో ఇసుక, ఎర్రమట్టి కలిపి డ్రమ్ములో ఆవిరికి ఉడకబెట్టాడు. చల్లారాక కుండీల్లో నింపి, గుట్ట మీది సీతాఫలం చెట్ల వేళ్ళ దగ్గర తవ్వి తెచ్చిన మట్టిని పిడికెడు చొప్పున వేసి, పైన జొన్నలు చల్లాడు. మట్టిని వండుకునేవాణ్ణి నేను పుట్టి చూడలేదు. నవ్వాను.

"నవ్వకు బాపూ. గుట్ట మీద సీతాఫలానికి ఎవలన్న నీళ్ళు వోస్తున్రా? ఎండకాలం కూడ గట్లనే నిలవడ్డది గద. దాని వేర్లకు బూజు వట్టి ఉంటది. వేరు వోలేని సందులల్లకు గా బూజు వోయి తడి గుంజుకొస్తది. దానికి బదులు చెట్టు తిండి వెడ్తది" అన్నాడు.

బూజంటే మందు కొట్టాలని మాత్రమే తెలిసినవాణ్ణి నేను. ఆ మాటే అన్నాను. "గది వేరే, గిది వేరే బాపూ" అని నా భుజం మీద మట్టిచెయ్యి వేశాడు. చొక్కాకు మరక పడింది. తిట్టాను.

మార్చి 12

ఇస్తారి వచ్చాడు. వచ్చింది పరామర్శకే, కానీ కళ్ళు పరదా వైపే పోతున్నాయి. అతన్ని తప్పు పట్టను. అతని చెలక గుట్టను ఆనుకుని ఉంటుంది, అంతా ఎర్రనేల, రాళ్ళు, బోరు పడలేదు. రెండుసార్లు మామిడి అంట్లు పెట్టాడు, రెండుసార్లూ ఎండాకాలం తినేసింది. ఈ మిరుగం కార్తెకు, జూన్ తొలి వానలకు, మళ్ళీ పెట్టమని వినీత్ ధైర్యం చెప్పాడు. గుంత గుంతకూ ఈ కుండీల్లో పెరిగిన బూజు మట్టి వేద్దాం, తక్కువ నీళ్ళతో బతుకుతాయి అన్నాడు. ఇప్పుడు మాట ఇచ్చినవాడు లేడు.

"ఈసారి ఎండితే ఇగ ఎన్నడు వెట్ట పటేలా. వెంచర్ల వాచ్‌మన్ పని ఉన్నదంటున్రు, గా కుర్చీల కూసుంట" అన్నాడు.

"పెడదువు తియ్యి. కుండీలు మంచిగనే ఉన్నయి" అన్నాను.

మార్చి 19

లిఖిత వచ్చింది. చిక్కిపోయింది. స్వరాజ్యం ఆమెను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను కుండీల దగ్గరికి పోయాను.

సాయంత్రం తనే అక్కడికి వచ్చి ఒక్కో కుండీ చూసింది. "ఏప్రిల్ నడుమ నీళ్ళు బంద్ వెట్టాలె మామా" అంది.

"బంద్ వెడితే ఎండుతయి గద బిడ్డా?"

"ఎండాలె. జొన్న పచ్చగున్నన్ని దినాలు బూజుకు ఫికర్ ఉండదు, తిండి దొరుకుతనే ఉంటది. జొన్న సస్తున్నదని తెలిసినప్పుడే అది విత్తనం లెక్క కట్టుకుంటది. గది గట్టినంకనే మనకు పనికొచ్చే మట్టి." ఒక మాట దగ్గర ఆమె గొంతు తడబడింది. ఏ మాటో నాకు తెలుసు.

"చూద్దాం లే" అన్నాను.

చూసేదేముంది? వాడు తన చేత్తో చల్లిన జొన్నలు. వాడు పోసిన నీళ్ళు తాగి మొలిచాయి. వాడి చేతి మీద పెరిగినవి ఇంకేమీ మిగల్లేదు ఈ ఇంట్లో. ఎండబెట్టాలట.

మార్చి 24

ఆకులు ఎర్రబడుతున్నాయి. అంచుల దగ్గర ఊదారంగు. ఇది ఆకలి. నలభై ఏళ్ళు సేద్యం చేసినవాడికి ఆకలిగొన్న మొక్క ఎట్లా ఉంటుందో ఒకరు చెప్పాలా?

మార్చి 26

మార్కెట్‌కు పోయినప్పుడు కొంచెం డీఏపీ ఎరువు తెచ్చాను. కుండీకి చిటికెడు, అంతే. మూడు వరుసలకు వచ్చింది, గోడ పక్క వరుసకు మిగల్లేదు. మళ్ళీ పోయినప్పుడు తెస్తాను. లిఖితకు చెప్పలేదు. చెప్పేంత పని కాదు.

ఏప్రిల్ 5

మూడు వరుసలూ నల్లపచ్చగా నిగనిగలాడుతున్నాయి. గోడ పక్కవి మాత్రం బక్కగా, ఎర్రగా, చూడబుద్ధి కాకుండా ఉన్నాయి. డీఏపీ తేవడం రెండుసార్లు మరిచాను.

ఏప్రిల్ 9

ఉగాది. ఈ ఏడాది మాకు పండుగలు లేవు. కుండీలకు నీళ్ళు పోశాను.

ఏప్రిల్ 15

ఈ రోజు జరిగింది అంతా రాయాలి.

లిఖిత నాలుగు వరుసల నుంచీ కాసిన్ని వేర్లు తీసుకుని కాలేజీకి పోతూ నన్నూ రమ్మంది. ఇంట్లో కూర్చుని ఏం చేస్తారని అడగలేదు కానీ అదే అర్థం. వేర్లను ఏదో మందులో వేడి చేసింది. తరువాత వెనిగర్‌లో మామూలు నీలం సిరా కలిపి, అందులో వేసి మరిగించింది. ఆ సిరా వేరుకు అంటదట, లోపలున్న బూజుకే అంటుతుందట. నన్ను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి ఒక కన్ను మూసుకోమంది.

మొదటి వరుస వేరు తెల్లగా ఉంది, ఉతికిన దారం లాగా. రెండోదీ అంతే. మూడోదీ అంతే. లిఖిత మొహంలో రంగు పోయింది. నాలుగోది పెట్టింది, నేను చూడబుద్ధి కాదన్న ఆ గోడ పక్క వరుసది. లోపలంతా నీలి పోగులు. ఒక గది నుంచి ఇంకో గదికి పోతున్నాయి. ఒక్కో గదిలో ఆ పోగు కొమ్మలుగా చీలి, రెమ్మలుగా చీలి, అచ్చం చిన్న చెట్టు మాదిరిగా నిలబడి ఉంది. వేరు లోపల చెట్టు. వాడు నాకు ఇది ఎన్నిసార్లు చెప్పాడో! నేను వినలేదు. ఊఁ కొట్టాను.

"మూడు వరుసలకు ఏమన్న ఏసిన్రా మామా?"

"జరంత డీఏపీ. ఆకలిగొన్నయని."

ఆమె స్టూలు మీద కూలబడింది. "ఆకలిగొనాలె మామా. ఆకలైతెనే వేరు బూజును లోపటికి రానిస్తది. మీరు కడుపు నింపిన్రు. ఇగ దానికి బూజుతోని పనేమున్నది?"

"మల్ల గుట్ట మీదికెళ్ళి మట్టి తెద్దాం."

"తేవచ్చు. మల్ల జొన్నలు జల్లాలె, మల్ల మూడు నెలలు. మిరుగానికి అందది. ఇస్తారి మామకు ఏం జెప్తం?"

తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడ పక్క వరుస ఒక్కటే మిగిలింది. దానికి రేపటి నుంచి నీళ్ళు బంద్.

ఏప్రిల్ 16

నీళ్ళు పోయలేదు.

ఏప్రిల్ 18

పోయలేదు. ఆకులు చుట్టుకుంటున్నాయి.

ఏప్రిల్ 19

చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చాను. మిగిలినవి ఎక్కడో ఒకచోట పారబోయాలి కదా.

ఏప్రిల్ 20

ఆకులు విచ్చుకున్నాయి. పొద్దున చూస్తే నిటారుగా నిలబడ్డాయి.

ఏప్రిల్ 24

చెంబెడే. చెంబెడుతో ఏమీ కాదు.

ఏప్రిల్ 29

లిఖిత కుండీలో వేలు పెట్టి చూసింది. "తడి ఉన్నది" అంది.

"మంచు కురిసిందేమో."

ఏప్రిల్ నెలలో, ఇబ్రహీంపట్నంలో మంచు. ఆమె నా మొహం వైపు చూసి లోపలికి పోయింది. ఆమె అట్లా పోయాక సిగ్గేసింది. అయినా సాయంత్రం మళ్ళీ పోశాను.

మే 2

పొద్దున ఇస్తారి గొడవకు వచ్చాడు. గొడవ అనకూడదు, న్యాయంగానే అడిగాడు. "మిరుగం నెల్రోజులే ఉన్నది. ఇస్తవా, ఇయ్యవా? ఇయ్యకుంటె ఇయ్యనని జెప్పు పటేలా. గుంతలు దోడుకుంట మేం నడుములు ఇరగ్గొట్టుకున్నంక జెప్పకు."

నేను జవాబు చెప్పేలోపల స్వరాజ్యం వరండాలోంచి అంది, "ఇస్తం ఇస్తారీ. గుంతలు తోడుండ్రి."

అతను పోయాక ఆమె తన నులక మంచం ఈడ్చుకుంటూ తెచ్చి కుండీలకు అడ్డంగా వేసింది. ఎర్రటి ఎండ. తల మీద కొంగు కప్పుకుని కూర్చుంది.

"ఏందిది?" అన్నాను.

"నువ్వు చెంబు వట్టుకొని రా, చూస్త."

"ఎండల సస్తవ్, లోపటికి రా."

"రాను. నువ్వు నీళ్ళు వోస్తె గవి లేస్తున్నయి. లేస్తున్నయని వోస్తున్నవ్. నాకు ఎర్కలేదనుకున్నవా? నేను గూడ పొద్దుగాల కిటికీలకెళ్ళి చూస్తున్న, లేసినయా అని." కొంగుతో మొహం తుడుచుకుంది. "వాడు జొన్నలల్ల లేడయ్యా. జొన్నలు జొన్నలే."

నేను అప్పుడు ఒక మాట అన్నాను. కన్నతల్లివి ఇంత రాయివని అనుకోలేదు అన్నాను. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆమెను అట్లాంటి మాట అనలేదు. ఆమె తల మీది కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. మంచం మాత్రం జరపలేదు.

మే 5

మంచం అక్కడే ఉంది. అన్నం అక్కడికే తెప్పించుకుంటోంది.

మే 9

జొన్న తల వాల్చింది. నేను ఆ వైపు పోవడం లేదు.

మే 16

స్వరాజ్యం కోసింది. తనే కొడవలి పట్టింది. కుండీలు బోర్లించి, వేర్లను వంటింటి కత్తిపీట మీద సన్నగా తరిగి, మట్టిలో కలిపి, షెడ్డులో నీడకు ఆరబోసింది. లిఖిత పక్కన కూర్చుని సాయం చేసింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ ఒకసారి నవ్వినట్టు కూడా వినబడింది. నేను ఇబ్రహీంపట్నం బస్ డిపో దాకా ఊరికే నడిచి వచ్చాను.

జూన్ 10

వాన పడింది. ఇస్తారి చెలకలో అంట్లు పెట్టాం. ఇస్తారి, అతని భార్య సుసన్న, వాళ్ళ కూతురు వనిత, మేం ముగ్గురం. గుంతలో దోసెడు బూజు మట్టి, దాని మీద వేర్లు ఆనేటట్టు అంటు. సుసన్న ప్రతి అంటు దగ్గరా పెదవులు కదిలించి ప్రార్థన చేసింది. స్వరాజ్యం పసుపు కుంకుమ చల్లింది. ఇద్దరి దేవుళ్ళకూ పని పడింది.

కింది సాళ్ళు పూర్తయ్యేసరికి మట్టి అయిపోయింది. పై సాళ్ళకు లేదు. ఇస్తారి ఖాళీ సంచి దులిపి నా వైపు చూశాడు.

"నాలుగు వరుసల్లో మూడు నేను ఖరాబు జేసిన. మందేసిన" అన్నాను. తిప్పి చెప్పడం నాకు రాదు.

అతను కొంతసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితె గిట్ల జేద్దాం. కింది సాళ్ళకు నేను వోస్త నీళ్ళు, వారానికొక్కపారి, వినీత్ పటేల్ జెప్పినట్టు. పై సాళ్ళు నీయి. నువ్వే మోయాలె, నువ్వే వొయ్యాలె. ఒక్కటి ఎండినా పూచి నీదే, జిమ్మ నీదే."

సుసన్న "గదేం మాట, పెద్దమనిషితోని" అని కసిరింది.

"న్యాయమే అన్నడు" అన్నాను. నీళ్ళు పోయడమే కదా. అది నాకు చేతనైన పని.

జూలై 28

వానలు బాగానే ఉన్నాయి. కింద, పైన తేడా ఏమీ లేదు. లిఖిత బూజు అంతా ఒట్టిదే అనిపిస్తోంది. ఆమెతో అనలేదు.

ఆగస్టు 11

లిఖితను వాళ్ళ నాన్న సంజీవ వచ్చి తీసుకుపోయాడు. ఇక అక్కడి నుంచే బస్సులో కాలేజీకి వస్తుంది. పోయేటప్పుడు నా కాళ్ళకు మొక్కింది. ఆదివారాలు వస్తానంది. వినీత్ చొక్కాలు బీరువాలోనే వదిలి పోయింది. తీసుకుపోలేదని కోపం వచ్చింది, తీసుకుపోయినా వచ్చేది.

అక్టోబర్ 2

పెత్రమాస, పెద్దల అమావాస్య. పెద్దలకు బియ్యం ఇవ్వాలి. స్వరాజ్యం మా తమ్ముణ్ణి తీసుకుని పోయింది. నన్ను పిలవలేదు, నేను అడగలేదు. మా నాన్న పేరు, తాత పేరు చెప్పి ఇచ్చిన చేత్తో వాడి పేరు చెప్పి ఎట్లా ఇస్తాను? వాడు నాకు ఇవ్వాల్సినవాడు.

పై సాళ్ళకు నీళ్ళు పోసి వచ్చాను.

డిసెంబర్ 20

వానలు పోయి చాలా రోజులైంది. రోజు విడిచి రోజు పోస్తున్నాను. ట్రాక్టర్ మీద డ్రమ్ము గుట్ట మొదలు దాకా పోతుంది, అక్కడి నుంచి బిందెలు మోయాలి. భుజం పట్టేసింది. దవాఖానలో బరువులు ఎత్తొద్దన్నారు. ఇస్తారి వారానికి ఒక్కసారి వచ్చి తన సాళ్ళకు తలా ఇంత పోసి, బీడీ కాల్చుకుని పోతాడు. నా అంట్లు అతని అంట్ల కంటే రెండాకులు ఎక్కువే వేశాయి. అతనికి చూపించాను కూడా.

జనవరి 27

లిఖిత వచ్చింది. పోయిన మేలోనే విత్తనానికని విడిగా దాచిన సంచెడు బూజు మట్టి తీసి, కుండీలు మళ్ళీ నింపాం. నన్ను చల్లమంది. జొన్నలు చేతిలోకి తీసుకున్నాను కానీ చెయ్యి తెరుచుకోలేదు. ఆమె కాసేపు ఆగి, వేరే కుండీ దగ్గరికి పోయి, చూడనట్టు నిలబడింది. అప్పుడు చల్లాను.

ఫిబ్రవరి 9

ఏడాది మాసికం అయింది. భోజనాలయ్యాక సంజీవ నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు. "బావా, ఏమనుకోకు. లిఖితకు ఇరవై ఏడే. ఒక సంబంధం ఉన్నది, అబ్బాయి ఆదిభట్లల పని జేస్తడు. మీరు సరేనంటెనే ముందలికి వోతం. మీరు కాదంటె అది ఒప్పుకోదు."

నేను లేచి, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో, నా ఇంట్లో ఆ మాట ఎత్తకు అన్నాను. గట్టిగానే అన్నాను. గిన్నెలు కడిగేవాళ్ళు కూడా ఆగి చూశారు. లిఖిత వంటింటి గడపలో నిలబడి ఉంది. వాళ్ళు టీ తాగకుండానే పోయారు.

నా కోడలు ఆమె. ఇంకెవరి ఇంటికో ఎందుకు పోతుంది?

మార్చి 18

పై సాళ్ళలో మూడు వాడిపోయాయి. రోజూ పోస్తున్నాను ఇప్పుడు.

మార్చి 30

పోస్తున్నాను. రెండు పూటలా పోస్తున్నాను.

ఏప్రిల్ 6

పై సాళ్ళు సగం పోయాయి. కింది సాళ్ళలో ఒకటి మేక తిన్నది, రెండు ఎండాయి. మిగిలినవన్నీ ఉన్నాయి. గొప్పగా ఏమీ లేవు, చిన్నగా, మొండిగా ఉన్నాయి, కానీ కొత్త చిగురు ఎర్రగా కనబడుతోంది. వారానికి ఒక్కసారి నీళ్ళు తాగినవి. నావి రోజూ తాగినవి.

నమ్మబుద్ధి కాక ఎండిన అంటు ఒకటి పలుగుతో పెళ్ళగించాను. వేర్లు నర్సరీ సంచిలో ఏ ఆకారంలో ఉన్నాయో ఇంకా అదే ఆకారంలో ఉన్నాయి. పది నెలల్లో జానెడు కూడా బయటికి పోలేదు. ఎందుకు పోతాయి? నేను బిందెతో అక్కడికే తెచ్చి పోస్తుంటే ఎక్కడికి పోవాల్సిన పని ఉంది వాటికి? నాకు ఒక్క రోజు చేత కాకపోతే మరుసటి రోజే పడిపోయేటట్టు పెంచాను.

ఇస్తారి వచ్చి పక్కన నిలబడ్డాడు. జిమ్మ మాట ఎత్తలేదు. నా చేతిలోంచి పలుగు తీసుకున్నాడు.

"నువ్వు తక్కువ వొయ్యలే పటేలా. నేను చూసిన. ఇగ కూసో జర."

రాయి మీద కూర్చుని ఏడ్చాను. అతను అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.

ఏప్రిల్ 12

లిఖిత వచ్చి జొన్న వేర్లు చూసింది, అన్ని వరుసల్లోనూ నీలమే. పై సాళ్ళకు ఈ మిరుగానికి మళ్ళీ అంట్లు పెట్టొచ్చు. ఫిబ్రవరి గొడవ గురించి ఆమె మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. "నీళ్ళు ఎప్పుడు బంద్ వెట్టాల్నో మీకు ఎర్కనే గద మామా" అని మాత్రం అంది.

ఏప్రిల్ 17

ఈ రోజు నుంచి నీళ్ళు బంద్. స్వరాజ్యం మంచం తేబోతే వద్దన్నాను.

ఏప్రిల్ 20

ఆకులు చుట్టుకున్నాయి. పక్కనే కూర్చున్నాను. చెంబు తీసుకుపోలేదు.

ఏప్రిల్ 23

కింది ఆకులు తెల్లబడ్డాయి. గాలికి చప్పుడు చేస్తున్నాయి. ఒకసారి లేచి కుళాయి దాకా పోయాను. మొహం కడుక్కుని వచ్చేశాను.

ఏప్రిల్ 26

పోయిన ఏడు స్వరాజ్యం ఇది ఒక్కతే కూర్చుని చూసింది. నేను ఆమెను రాయి అన్నాను. ఈ రోజు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. "ఇప్పుడు యాదికొచ్చిందా" అని పక్కన కూర్చుంది. అన్నం తినే వేళ దాకా అట్లాగే కూర్చున్నాం.

మే 4

జొన్న పూర్తిగా ఎండింది. నేనే కోశాను.

మే 5

పొద్దున స్నానం చేసి తెల్లచొక్కా వేసుకున్నాను. ఎక్కడికని స్వరాజ్యం అడిగింది. మహేశ్వరం అన్నాను. నువ్వూ రా అంటే, "గది నువ్వు జెప్పే మాట. నువ్వే వో" అంది.

సంజీవ నన్ను చూసి కంగారుపడ్డాడు. కుర్చీ వేశాడు, ఫ్యాను వేశాడు. ఫిబ్రవరిలో అన్నదానికి ఏమనుకోకు బావా అన్నాను. లిఖితను పిలవమన్నాను. ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడింది, కాలేజీకి తయారై ఉంది, భుజాన సంచి. దారంతా ఎన్నో మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

"వినీత్ సచ్చిపోయిండు బిడ్డా" అన్నాను.

పదిహేను నెలల్లో ఆ మాట నేను అనడం అదే మొదటిసారి. ఈ డైరీలో కూడా రాయలేదు, వెనక్కి తిప్పి చూశాను. నేను ఇంకా చెప్పాలి కాబట్టి చెప్పాను. "నువ్వు బతకాలె. గా సంబంధమైనా సరే, ఇంకోటైనా సరే, నువ్వు ఇప్పుడే వద్దనుకున్నా సరే. నీ ఇష్టం. నాకోసం అయితె ఆగకు."

లిఖిత భుజం మీది సంచి జారిపోయింది. గోడకు ఆనుకుని అట్లాగే కింద కూర్చుంది. ఆమె ఏడుపు వినీత్ పోయిన రోజు కూడా అట్లా వినలేదు. నాకు ఏం చేయాలో తెలియక పోయి పక్కన నేల మీద కూర్చున్నాను. చాలాసేపటికి, "మీ ఇంట్ల నేనొక్కదాన్నే ఏడ్వాల్సొస్తదని భయమైతుండె మామా. మీరేమో రోజు గవిటికి నీళ్ళు వోస్తుంటిరి" అంది.

ఆమె కాలేజీకి పోలేదు. అన్నం తినకుండా నన్ను పంపలేదు.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి స్వరాజ్యం షెడ్డు నీడన కత్తిపీట ముందు కూర్చుని వేర్లు తరుగుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"జెప్పినవా?"

"జెప్పిన."

జరిగి చోటిచ్చింది. మట్టి దులిపి ఒక్కో వేరూ అందిస్తూ కూర్చున్నాను.